కాగితం మీద రెండో గీత

మార్చి 3, ఆదివారం

మా కోడలు యోన్-హ్వా ఈ నెల బరువు 61.7. అక్టోబరులో నా దగ్గర చేరిన రోజు 69.8. ఐదు నెలల్లో ఎనిమిది కిలోలు. ఆ బరువు కాగితాన్ని నా చేత్తో నేనే గోడకు అంటించాను.

ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల బడిలో వ్యాయామం నేర్పి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చుంటే నోటికి తుప్పు పడుతుందని ఈ స్నానశాల మీది జిమ్‌లో నేర్పడానికి చేరాను. పై అంతస్తులో చెమట, కింది అంతస్తులో స్నానం. యోంగ్‌దో దీవిలో యాభై దాటిన ఆడవాళ్లలో సగం మంది నా చేతి కింద చెమటోడ్చినవాళ్లే. జిమ్ ఇచ్చే నారింజ రంగు చొక్కాలు వేసుకుని వరసగా నిలబడితే, సత్ప్రవర్తన కింద విడుదలైన ఖైదీల్లా ఉంటారు. "ఇంకొక్కటి" అంటాను. చేస్తారు. మళ్లీ "ఇంకొక్కటి" అంటాను. తిట్టుకుంటూ చేస్తారు. డెబ్బై మూడేళ్ల ముసలిది ఎదురుగా నిలబడి గుంజీలు తీస్తుంటే మానేసే ధైర్యం ఎవరికీ ఉండదు.

గోడ మీద బోర్డు నా ఆలోచనే. ప్రతి నెలా యంత్రం మీద నిలబెట్టి, అది ఇచ్చిన కాగితాల్లో ఎక్కువ తగ్గినవాళ్లది అంటిస్తాను. డిసెంబరు నుంచి ఆ చోటు యోన్-హ్వాదే. ఇవాళ అందరి ముందూ చప్పట్లు కొట్టించి, "మా కోడలికి పట్టుదల ఉంది" అన్నాను. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పదహారేళ్లలో నేను ఆమెను మెచ్చుకోవడం ఇదే మొదటిసారని మా అబ్బాయి గి-తే ఫోన్లో అన్నాడు. ఆ లెక్క వాడు రాసిపెట్టుకున్నట్టున్నాడు. ఆమె మొదటిసారి కాచిన నాచు సూపును అంట్ల నీళ్లన్నాను, నిజమే. అది అంట్ల నీళ్లే.

తర్వాత కిందికి దిగి ఒకరి వీపు ఒకరం రుద్దుకున్నాం. వీపు సన్నబడింది. ఈ వయసులో చేతికి పెద్దగా పని పెట్టని వీపు దొరకడం కూడా ఒక సుఖమే.

మార్చి 9, శనివారం

సందు చివర కొత్త జిమ్ తెరిచారు. లోపలంతా అద్దాలు. ఇవాళ బయట నిలబడి కాసేపు చూశాను. ఒక కుర్రాడు బరువు ఎత్తింది ఆరుసార్లు, తన చేతికి ఫోటో తీసుకుంది ఇరవై నిమిషాలు. పక్కనున్నవాడు తవుడు రంగు పొడి నీళ్లలో కలుపుకుని తాగుతూ, పురిటి నొప్పులు పడుతున్నట్టు అరుస్తున్నాడు. మా అమ్మ కొండ కింది కుళాయి నుంచి కొండ మీది గుడిసెకు రోజుకు ఎనిమిది బిందెలు మోసేది. అరిచేది కాదు. అద్దం కూడా ఉండేది కాదు.

మా వాళ్లు మాత్రం తక్కువా. వణికే పట్టీని నడుముకు తగిలించుకుని గంటసేపు కోడళ్ల మీద చాడీలు చెప్పుకుంటారు. పొట్ట ఊగుతుంది, తగ్గదు. తూకం రోజున చెవి కమ్మలు తీసేస్తారు, గోడకు చిటికెన వేలు ఆనిస్తారు, ఊపిరి బిగబడతారు. ఊపిరికి బరువుంటుందని ఎవరు చెప్పారో. బడిలో పిల్లలు కడ్డీకి వేలాడే పరీక్షలో కాలు గోడకు ఆనించేవాళ్లు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ కాళ్లను పట్టుకున్నదాన్ని. నా కళ్లకు గంతలు కట్టడం కష్టం.

తూకాన్ని నమ్మొద్దని వాళ్లకు వారానికి మూడుసార్లు చెబుతాను. తూకానికి కొవ్వేదో కండేదో తెలియదు. కాగితం మీద మొదటి గీత బరువు, రెండోది కండ. రెండో గీత చూడండి. అది తగ్గుతుంటే మీరు సన్నబడట్లేదు, కరిగిపోతున్నారు. వాళ్లు వింటారో లేదో గాని, నేను చాలా బాగా చెబుతాను.

మార్చి 17, ఆదివారం

చేపల కొట్టు ప్యో ఇవాళ స్నానాల దగ్గర నా పక్కన చేరి, "అక్కా, నీ కోడలి మొహం ఎండు చేపలా అయింది, చూశావా" అంది. ఎండు చేపలమ్మి ఇల్లు కట్టినదానికి ప్రపంచమంతా ఎండు చేపలే. నువ్వు చేరి నాలుగేళ్లయింది, ఒక్క కిలో తగ్గలేదు, అందుకని నీకు మండుతోందన్నాను. "నేను తగ్గడానికి రాలేదక్కా, నీ తిట్లు వినడానికి వచ్చాను" అంది. ఈ దీవిలో నాకు జవాబు చెప్పగలిగిన ప్రాణి అదొక్కతే.

మార్చి 18

ప్యోకి అసూయ.

ఏప్రిల్ 2, మంగళవారం

గి-తే ఇంట్లో భోజనం. యోన్-హ్వా నాలుగు మెతుకులు కతికి, కడుపు నిండిందని గిన్నె మూత పెట్టేసింది. నోరు కట్టుకోవడం నేర్చుకుందని అందరి ముందూ అన్నాను. మనవరాలు సో-యుల్‌కి పద్నాలుగేళ్లు. "అమ్మ తను పనిచేసే బడి వంటింట్లో కూడా ఏమీ తినట్లేదు నానమ్మా, తోటి వంటామె చెప్పింది" అంది. రోజూ నాలుగొందల మంది పిల్లలకు వండే మనిషి తిండి చూస్తే మొహం మొత్తదా అన్నాను. గి-తే ఏదో అనబోయి చారు తాగాడు. వాడు ఓడల అడుగున వెల్డింగ్ చేసి చేసి, మాట్లాడాలన్నా ఎవరో ముసుగు తీయమనాలన్నట్టు ఉంటాడు.

యోన్-హ్వా వెనక్కి వంగలేకపోతోంది. నడుము పైన, వీపు మధ్యలో నొప్పట. పెద్ద గిన్నెలెత్తేవాళ్లకు వచ్చేదే. నేల మీద బోర్లా పడుకోబెట్టి సాగదీత నేర్పాను, రోజుకు మూడుసార్లు చేయమన్నాను. "సరే అత్తయ్యా" అంది. ఎప్పుడూ అనేదే.

ఏప్రిల్ 14, ఆదివారం

58.9.

మొదటి రెండు నెలలవీ తెచ్చి కలిపితే కాగితాలు ఏడయ్యాయి. బోర్డులో చోటు చాలక ఒకదాని మీదొకటి, పెంకులు పరిచినట్టు అంటించాను. ప్రతి కాగితానికీ పైన తేదీ, బరువు కనిపిస్తే చాలు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మెట్లు దిగినట్టు దిగింది. యోన్-హ్వాను పక్కన నిలబెట్టి ఫోటో తీశాను. నవ్వమన్నాను. నవ్వింది.

స్నానాల దగ్గర వీపు రుద్దుతుంటే వెన్నుపూసలు లెక్కపెట్టగలిగాను. బడిలో పిల్లల వీపులిలా ఉండేవి. చర్మం మీద గోళ్ల గీతలు. కొత్త సబ్బు పడక దురదట. నేను గుడ్డ మెల్లగా ఆడిస్తుంటే, "గట్టిగా రుద్దండి అత్తయ్యా, ఇంకా గట్టిగా" అంది. నా చెయ్యి బరువని పదహారేళ్లుగా భయపడ్డ మనిషి తన నోటితో అడిగింది. ముచ్చటేసింది.

అక్కడి దీపాలు పసుపు రంగువి, పాతవి. వాటి కింద అందరం ఆవ పెట్టినట్టే ఉంటాం.

ఏప్రిల్ 28, ఆదివారం

స్నానశాల యజమాని దీపాలు మార్చాడు. తెల్ల గొట్టాలు. అరవై ఏళ్ల పైబడ్డ ఆడవాళ్లను అంత వెలుతురులో నిలబెట్టడం మర్యాద కాదని వాడికి చెప్పాలి.

అందరం టోఫు ముక్కల్లా తెల్లగా ఉన్నాం. యోన్-హ్వా తొట్లోంచి లేచి నిలబడింది.

కమలాలు ఎక్కువ తింటే చర్మం అలా పసుపుపచ్చగా మారుతుంది. అది అందరికీ తెలిసిన విషయం. జేజు నుంచి వాళ్ల అక్క పెట్టెలు పెట్టెలు పంపుతుంది. ప్యోతో అదే అన్నాను. ప్యో నన్ను చూడలేదు. ఆమెనే చూస్తూ, "కమలాలు అయిపోయి రెండు నెలలైంది అక్కా. రేపు ఆసుపత్రికి తీసుకెళ్లు. నువ్వు తీసుకెళ్లకపోతే నేను తీసుకెళ్తాను" అంది.

ప్యో దగ్గర ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఏప్రిల్ 29

కమలాలే అయి ఉండాలి.

మే 2, గురువారం

క్లోమం. అందులో గడ్డ, పైత్యరసం దిగే గొట్టాన్ని నొక్కేస్తోందట. కాలేయానికి కూడా పాకింది.

మే 3

ఇవాళ రెండు క్లాసులు చెప్పాను. లెక్క తప్పలేదు.

మే 8, బుధవారం

మొన్న డాక్టరు అడిగినవి రాయలేదు. ఇవాళ రాస్తాను.

వయసు యాభై లోపే ఉంటుంది ఆ డాక్టరుకు. బరువు ఎప్పటి నుంచి తగ్గుతోందని అడిగింది. గి-తే నేలను చూస్తున్నాడు. నేను చెప్పాను. అక్టోబరు 69.8, నవంబరు 68.1, డిసెంబరు 66.3, జనవరి 64.9. ఒక్కటి తప్పకుండా ఏప్రిల్ దాకా చెప్పాను. ఆమె రాయడం ఆపి నన్ను చూసింది. అంత శ్రద్ధగా రాసిపెట్టుకున్నందుకు మెచ్చుకుంటుందేమో అని నాకు ఒక్క క్షణం అనిపించింది. అది కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎవరూ చూడని పుస్తకంలోనైనా అది ఉండాలి.

"కావాలని తగ్గారా?" అని అడిగింది.

యోన్-హ్వా నన్ను చూడలేదు. "అత్తయ్యగారు టీచరండి. ఆవిడ దగ్గర వ్యాయామం చేస్తున్నాను, బాగా చూసుకుంటున్నారు" అంది.

వ్యాయామంతో తగ్గితే కండ నిలబడాలి కదా, ఆ కొలతలు కూడా ఉన్నాయా అంది డాక్టరు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. తెస్తానన్నాను.

ఈరోజు పొద్దున్నే, ఎవరూ రాకముందు జిమ్‌కి వెళ్లి బోర్డు మీంచి కాగితాలు తీశాను. అంటించినట్టు తీయడం కుదరలేదు, మూలలు చిరిగాయి. ఏడూ నేల మీద పక్కపక్కన పరిచాను. రెండో గీత. 24.3. 23.5. 22.8. 21.9. 21. 20.2. 18.8. కొవ్వు గీత అంత వేగంగా దిగలేదు.

ప్రతి కాగితం కింద దాని ముందు నెల రెండో గీత దాక్కుంది. పెంకులు పరిచినట్టు పరిచింది నేనే.

చూడలేదు అని రాయబోయాను. ప్రతి నెలా యంత్రంలోంచి కాగితం చింపి తీసేది నేను. నా కళ్లకు గంతలు కట్టడం కష్టమని మార్చిలో రాశాను, చూసుకున్నాను. అది నిజమే. ఎవరూ కట్టలేదు.

ఇవాళ పిల్లలు పెద్దవాళ్ల కోటుకు పువ్వు గుచ్చే పండుగ రోజు. ఆసుపత్రికి వెళితే సో-యుల్ కార్నేషన్ పువ్వు తెచ్చి నా కోటుకు గుచ్చింది. "అమ్మ కొనమంది నానమ్మా. ఎర్రదే కొనమంది" అంది. ఇంటికొచ్చేదాకా దాన్ని తీయలేకపోయాను. బస్సులో ఒకావిడ, అదృష్టవంతులు, పిల్లలు బాగా చూసుకుంటున్నట్టున్నారు అంది.

మే 19, ఆదివారం

గొట్టం వేశారు. పసుపు తగ్గింది. మందు ఎక్కించడం మొదలైంది.

తినాలట. ఎంత తింటే అంత మంచిదట. బరువు తగ్గకూడదట. నేను సముద్రపు గుల్లల జావ కాచి తీసుకెళ్లాను. మూడు చెంచాలు. ఇంకొక్క చెంచా అన్నాను. తాగింది. ఇంకొక్క చెంచా అన్నాను. తాగి, గిన్నెలోనే కక్కుకుంది. "పారేయకండి అత్తయ్యా, మళ్లీ తాగుతాను" అంది.

వరండాలో గి-తే ఒక్క మాట అన్నాడు. ఇన్నేళ్లకు వాడు నాతో ఎదురుగా అన్న మాట. "అమ్మా, ఆమె అలసటగా ఉందని జనవరిలో నీకు చెప్పాను. కొత్తగా ఒళ్లు వంచుతున్నప్పుడు అలాగే ఉంటుందన్నావు." అంతే. గొంతు పెంచలేదు. వెళ్లి టిఫిన్ క్యారియర్ కడిగి తెచ్చి ఇచ్చాడు.

తిడితే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి.

జూన్ 6, గురువారం

ప్యో ఆసుపత్రికి వచ్చింది. చేపల వాసన రాకుండా రెండుసార్లు స్నానం చేసి వచ్చిందట. యోన్-హ్వా చేతిని పట్టుకుని కూర్చుని మార్కెట్ కబుర్లు చెప్పింది, నవ్వించింది. వెళ్తూ వెళ్తూ లిఫ్టు దగ్గర, నేను ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది అక్కా అని ఏడ్చింది. "చెప్పావు, నేనే అసూయ అన్నాను" అన్నాను. "ఆ మాట అన్నావని నీ మీద పంతం పట్టి నెలన్నర నోరు మూసుకున్నాను" అంది. ఇద్దరం లిఫ్టును రెండుసార్లు పోనిచ్చాం.

జూన్ 23, ఆదివారం

యోన్-హ్వా ఇవాళ కాస్త బాగుంది. మంచం తల పైకెత్తించుకుని, కిటికీలోంచి ఓడల్ని చూస్తూ మాట్లాడింది.

"అత్తయ్యా, ఒక మాట చెబుతాను. కోప్పడకండి."

"నేను కోప్పడి చాలా రోజులైంది. చెప్పు."

"నాకు కొత్త సంవత్సరానికి ముందే తెలుసు. బడిలో అన్నం మూత తీస్తే ఆవిరికి కడుపులో దేవేది. ఏదో తేడాగా ఉందని తెలుసు."

"మరి చెప్పలేదేం?"

మళ్లీ ఓడల వైపు తిరిగింది. మందు సీసా సగమైంది.

"మీరు నా కాగితం గోడ మీద పెట్టారు కదా" అంది. "ఒక్క నెల ఉండనిద్దాం అనుకున్నా. తర్వాత ఇంకొక్క నెల."

నేను దుప్పటి సర్దాను. సర్దాల్సిన అవసరం లేదు.

"మీ తప్పని కాదు అత్తయ్యా. నాకు బాగుండేది, అంతే. ఆదివారం వస్తోందంటే బాగుండేది."

జూన్ 25

క్లాసులో "ఇంకొక్కటి" అనలేకపోయాను. పన్నెండు దగ్గర ఆపేశాను. ఎవరూ అడగలేదు.

జూలై 7, ఆదివారం

బోర్డు తీసేయించాను. గోడ మీద అంటు మరకలు మిగిలాయి. ఉప్పు నీళ్లతో, నిమ్మరసంతో, చివరికి కత్తితో గీకాను.

కొత్తగా చేరిన ఒకావిడ మూడు కిలోలు తగ్గి, మెరిసే మొహంతో కాగితం పట్టుకుని వచ్చింది. కిటికీ దగ్గరికి లాక్కెళ్లి కళ్లు చూశాను. అన్నం తింటున్నావా, వీపు నొస్తోందా, దురద ఉందా, రెండో గీత చూపించు అన్నాను. భయపడిపోయింది. సందు చివరి అద్దాల జిమ్‌లో చేరిందట. అక్కడ ఎవరైనా చప్పట్లు కొడతారు.

జూలై 28, ఆదివారం

46.0. ఆసుపత్రి తూకం మీద యోన్-హ్వా.

ఆగస్టు 13, మంగళవారం

మందు ఆపేశారు. ఇంటికి తీసుకెళ్లండి, ఇష్టమైనవి పెట్టండి అన్నారు. ఏది ఇష్టమని గి-తే నన్ను అడిగాడు. పదహారేళ్లలో ఆ మాట ఆమెను నేనెప్పుడూ అడగలేదు. వాడికీ తెలియదు. సో-యుల్ తెలుసంది. బడి పిల్లలకు శుక్రవారాలు వండే బంగాళదుంపల కూర. మిగిలినది డబ్బాలో తెచ్చుకుని వంటింట్లో నిలబడి తినేదట.

ఆగస్టు 18, ఆదివారం

నేను కూడా వాళ్లింట్లోనే ఉంటున్నాను. వీపు తుడవడం నా పని. స్నానశాలకు తీసుకెళ్లడానికి లేదు. గరుకు గుడ్డ కాదు, పసిపిల్లల గుడ్డ, గోరువెచ్చని నీళ్లు. "గట్టిగా రుద్దండి" అంది. గట్టిగానే రుద్దుతున్నానన్నాను. నా చేతికి బలమే లేదని వెక్కిరించింది. నన్ను ఆమె వెక్కిరించడం ఇదే మొదలు. గి-తేకి లెక్క చెప్పాలి.

ఇంట్లో గాజు తూకం ఉంది. ఆదివారం కదా, చూద్దామా అంది. ఆ అంకెతో ఇక ఎవరికీ పని లేదు, డాక్టరుకు కూడా. ఎందుకమ్మా అన్నాను. ఊరికే అంది. చంకల కింద చేతులు వేసి నిలబెట్టాను. 43.4. చూసి మంచం వైపు తిరిగింది. ఇవాళంతా ఏమీ తినలేదు.

ఆగస్టు 25, ఆదివారం

పొద్దున మళ్లీ తూకం అడిగింది. వెనక నుంచి పట్టుకుని నిలబెట్టాను. ఇప్పుడు ఆమె నా రెక్కల్లో పట్టే మనిషి. ఎదురుగా అద్దం లేదు, నా మొహం కనబడదు. ఆమె గౌను అంచు కింద నా కుడి కాలి బొటనవేలు తూకం మీద ఆనించాను. మెల్లగా. ఒకేసారి నొక్కితే అంకె పరుగెత్తుతుంది, దొరికిపోతాం. ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు.

ఆమె తల వంచి కిందికి చూసింది. అంకెను చూసిందో, ఏం చూసిందో. తర్వాత తన కుడి పాదాన్ని కాస్త పక్కకు జరుపుకుని చోటిచ్చింది.

"పెరిగాను కదా అత్తయ్యా" అంది.

"పెరిగావు" అన్నాను.

సో-యుల్‌ని పిలిచి చూపించమంది. పిలిచాను. పిల్ల వచ్చి చూసి చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నం యోన్-హ్వా రెండు ముక్కలు బంగాళదుంప తింది.

45.2.